సుళుక్కు కాదన్నా

అన్నా,

ఇవాళ శనివారం. ఇడ్లీ పిండి రుబ్బాను, బట్టలు ఉతికి ఆరేశాను, తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చాను.

వాడికీ నీలాగే లివర్ జబ్బు. నెల రోజులుగా నడుము నొప్పి అంటున్నాడు. "సుళుక్కే అక్కా. సౌకార్‌పేట తాతను పిలు, ఒక్క లాగు లాగితే సరిపోతుంది" అన్నాడు. బెణుకుకు మనింట్లో ఉన్న మాట అదొక్కటే. నీ నడుము లాగడానికి ఆ తాతను పిలిచింది నేనే. నీ వెన్నుపూస అప్పటికే చిట్లి ఉందని తర్వాత ఎక్స్‌రేలో తెలిసింది. నువ్వు మళ్లీ మంచం దిగలేదు.

ఎముకల స్కాన్ తీయిద్దాం అని నేననగానే వాడు నవ్వాడు.

"అది ఆడోళ్లకి గదా! చీర కూడా కట్టి కూర్చోబెడతావా?"

"సరి, కడతా. ముందు ఆటో ఎక్కు."

లివర్‌లో వాపు ఏళ్ల తరబడి ఉంటే మగవాళ్ల ఎముకలూ పలచబడతాయని డాక్టరమ్మ చెప్పింది. వాడివి పలచబడ్డాయి గానీ ఎక్కడా విరగలేదు. మందులు రాసింది, రోజూ నడవమంది, నడుము ఎవరిచేతా లాగించుకోవద్దంది.

ఇప్పుడు మిద్దెమీద ఎండలో నడుస్తున్నాడు.

"ఇంకెన్ని చుట్లక్కా?"

"నాలుగు. ఈడ నుంచి లెక్కపెడతానే ఉండా, ఎగ్గొట్టొద్దు!"

నీ విషయంలో తప్పు నాదే, అది అలాగే ఉంటుంది. తమ్ముణ్ణి చూసుకోమని పోయేముందు నువ్వు నాకు అప్పగించిన బాకీ మాత్రం ఇవాళ్టికి చెల్లింది.