గీత గీసిన ఊరు

2004 జూన్ 14

బెళుగుప్పకు వచ్చి నెల. రైతులకు విత్తనాలు పంచే సంస్థ ఆఫీసులో నేను, గుమాస్తా బయ్యన్న, టీ తెచ్చే లక్ష్మక్క. సాయంత్రం రూముకు పోతే పలకరించే దిక్కు లేదు. లక్ష్మక్క ఒక్కతే రోజూ "తింటివా అప్పా?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాట కోసం గంట ముందే ఆఫీసుకు పోతున్నాను, సిగ్గు లేకుండా.

జూన్ 15

కంప్యూటర్‌లో లెక్క తేల్చే స్క్రిప్ట్ రాయడం అయింది. కమాండ్ పక్కన ఊళ్ళ ఫైళ్ళ పేర్లు ఇస్తే చాలు, ఏ ఊరికి ఎన్ని మూటల వేరుశనగ విత్తనకాయలు పంపాలో చెప్పేస్తుంది. పేరు డాష్‌తో మొదలైతే అది ఫైల్ కాదు, స్క్రిప్ట్ ఎలా నడవాలో చెప్పే ఆప్షన్. తెలియని ఆప్షన్ వస్తే ఎర్రర్ ఇవ్వకుండా దాటిపొమ్మని రాశాను. నాకు అరుపులు పడవు.

జూన్ 17

లారీలు వెళ్ళాయి. లక్ష్మక్క ఊరు ఎర్రకొండాపురానికి ఒక్క మూట కూడా చేరలేదు. టీ గ్లాసు ఠపీమని పెట్టింది. అందరికీ వచ్చె, మా ఊరు ఏం పాపం చేసిందప్పా, వాన పడి ఉండాది, నేల తడారి పదును పోతే మళ్ళీ యాడ విత్తేది అని నిలదీసింది. తింటివా అని అడగలేదు.

జూన్ 18, పొద్దున

టీ రాలేదు.

మధ్యాహ్నం

తప్పు దొరికింది! నాకు జ్వరం వచ్చిన రోజు ఆ ఒక్క ఊరి ఫైల్ బయ్యన్న టైప్ చేశాడు. ఆయన పదేళ్ళు కాయల గోడౌన్‌లో చేసినవాడు. అక్కడ లెక్క అయిన మూట మీద సుద్దముక్కతో గీత గీస్తారు. ఆ అలవాటుతో, పని పూర్తయిందని, ఫైల్ పేరు ముందు గీత, అంటే డాష్, పెట్టాడు. స్క్రిప్ట్ ఆ ఊరిని ఆప్షన్ అనుకుని, నేను చెప్పినట్టే, నోరు మూసుకుని దాటిపోయింది. గీత గీయకపోతే అయిపోయిందని ఎట్ల తెలుస్తాది సార్ అని ఎదురు నన్నే అడిగాడు. స్క్రిప్టును అరవొద్దన్నది నేనే.

కమాండ్‌లో ఊళ్ళ పేర్లకు ముందు రెండు డాష్‌లు విడిగా పెట్టాను. ఆప్షన్లు ఇక్కడితో సరి, ఇకపై అన్నీ ఫైళ్ళే అని అర్థం. ఎర్రకొండాపురం స్క్రీన్ మీదికి వచ్చింది. జిల్లా ఆఫీసులోని పెద్దసారును ఫోన్‌లో బతిమాలి లారీ కట్టించాను.

జూన్ 19

లారీతో నేనూ వెళ్ళాను. నేల ఇంకా తడిగానే ఉంది. ఊరంతా అరుగుల మీద కూర్చుని కాయలు ఒలిచింది. లక్ష్మక్క తలెత్తి "తింటివా అప్పా?" అంది. జవాబు చెప్పేలోపు ఎవరో ఆమెను పిలిచారు.

జూన్ 28

సేద్యం మొదలైంది, లక్ష్మక్క ఇక ఆఫీసుకు రాదట.

ఫైల్ పేరు ఏదీ ఇవ్వకుండా స్క్రిప్ట్ నడిపాను. తప్పు అనలేదు. నేనేదైనా టైప్ చేస్తానని అలాగే ఎదురుచూస్తోంది.

"తిన్నానక్కా" అని కొట్టాను.