సత్తిరాజు గారు చేయించిన ఫోను

చిరంజీవి హేమశ్రీకి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసాయేనని, లాజరు గారి అమ్మాయి సెలవుకు వస్తూ తెచ్చిన నీ ఉత్తరం చదివాక గాని నాకు నమ్మకం కుదరలేదు తల్లీ. ఫోనులో ఎప్పుడూ బాగున్నానమ్మా అనే కదా అంటావు!

జోర్డాన్‌లో మీ బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు దిగొచ్చారని, అక్కడి ఆడవాళ్ళకిచ్చే జీతమే మీకూ ఇస్తారని, పొద్దుపోయేదాకా కుట్టించుకున్నదానికి ఓవర్‌టైమ్ వేరే కట్టిస్తారని చదివి మీ నాన్న ఒకటే సంబరం. రావులపాలెం మార్కెట్టులో అరటి గెలలు దించుతూ, కనబడ్డవాళ్ళందరికీ "మా అమ్మాయి కంపెనీ మెడలు వంచిందండీ" అని చెప్తున్నారట. మిగతా పిల్లలు కూడా మిషన్లు ఆపారండీ అంటే వినిపించుకోరు. నాకైతే గుండెల మీద బరువు దిగింది. ఇన్నాళ్ళకు కంటి నిండా నిద్రపోయాను.

నా కళ్ళ సంగతి అడిగావు. చుక్కల మందు వేసుకుంటున్నాను. జాకెట్లు కుట్టడం మాత్రం మానలేదు, కోప్పడకు. నీ ఉత్తరం చదివాక నేనూ కుట్టుకూలి పెంచేశాను. ఎదురింటి కౌముది గారు "కూతురి గాలి తగిలిందా ఏంటి లోవలక్ష్మీ?" అని నవ్వుతూనే ఇచ్చారు.

ఇంకొకటి అడిగావు. మీరు పని ఆపి కూర్చున్న రోజుల్లో ఫోను చేసి, అన్నం తిన్నావా అని ఒక్క మాట అడిగి ఎందుకు పెట్టేశానని. ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు చెప్తాను.

ఆ రోజు, నిన్ను అక్కడికి పంపిన ఏజెంటు సత్తిరాజు గారు తణుకు నుంచి కారేసుకొచ్చి మన అరుగు మీద కూర్చున్నారు. "ఇవాళే పనిలోకి వెళ్ళమని మీ అమ్మాయికి చెప్పండమ్మా. లేదంటే విమానం ఎక్కించి పంపేస్తారంట. తల్లి చెబితే వింటుంది" అన్నారు. భయపడి వెంటనే నీకు ఫోను కలిపాను. ఆయన స్పీకరు పెట్టమంటే పెట్టాను. నిజం చెప్తున్నాను హేమా, నిన్ను బతిమాలి పనిలోకి పంపాలనే ఆ ఫోను చేశాను.

ఎప్పుడు చేసినా "తొందరగా చెప్పమ్మా, టార్గెట్టు ఉంది" అనేదానివి. ఆ రోజు నింపాదిగా "ఏం కూర వండావమ్మా?" అన్నావు. వెనకాల ఆడపిల్లల నవ్వులు వినబడుతున్నాయి. వెళ్ళిన దగ్గర్నుంచి నువ్వలా మాట్లాడటం అదే మొదలు. ఇక నా నోట ఆ మాట రాలేదే తల్లీ.

నేను ఫోను పెట్టేయగానే సత్తిరాజు గారు గుడ్లురిమి, "నేను చెప్పమన్నదేంటి, మీరు అడిగిందేంటండీ?" అన్నారు.

"రేపు కూడా వాళ్ళు పట్టు విడవకూడదు కదండీ. తినకపోతే ఓపికెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

అన్నానే గాని, లోపలికెళ్ళి గడియ వేసుకుని, ఆయన కారు వీధి మలుపు తిరిగేదాకా తీయలేదు.

ఇట్లు,
నీ మీద బెంగా, గర్వమూ రెండూ ఉన్న
మీ అమ్మ,
లోవలక్ష్మి