కుడికే పోతడు

1988 జూన్ 20

క్యాంపు మొదలు. రెండో ఏడు.

నిరుడు కాగితం మిల్లు గేటు దగ్గర ఏ వాచ్‌మన్ అయినా సలాం కొట్టి పంపేవాడు. ఇవాళ ఉన్నవాడు కార్డు చూపించమన్నాడు. కొత్తవాడేమో. కొత్తవాడే అయ్యుంటాడు.

పొద్దున్నే గోదావరి గట్టు దాకా పరుగు. కాళ్ళు బాగానే ఉన్నాయి. అదే గది, అదే మంచం, పక్క మంచం మీద అదే యాకూబ్, అదే గురక. కోచ్ సార్ అందరినీ వరసలో నిలబెట్టి చెప్పాడు — "చూడండబ్బాయిలూ, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి ఈ సీజనే ఆఖరు. జట్టులో ఉంటే గ్రౌండు. లేదా చిప్పర్ హౌసు, షిఫ్టు డ్యూటీ." చిప్పర్ హౌసంటే వెదురును ముక్కలు కొట్టే షెడ్డు. అక్కడికి పోయినవాడు మళ్ళీ బాస్కెట్‌బాల్ ఆడగా చూడలేదు. కోచ్ సార్ ఆ మాట చెబుతూ నా వంక చూడలేదు. నిరుడు పేపర్లో ఫోటో పడ్డవాడి వంక ఎందుకు చూస్తాడు? నాకేం భయం లేదు.

జూన్ 27

వాన. గ్రౌండంతా నీళ్ళు. గదిలో పడుకుని నిరుటి మాటలే.

కొత్తగూడెం ఫైనల్... ఆఖరి నిమిషం. బంతి నా చేతిలో. కుడివైపు నుంచి దూసుకుపోయి లేచాను — లేచాక ఏమైందో నాకు తెలియదు, అరుపులు తెలుసు. ఎవరో భుజాల మీదికి ఎత్తారు. ఒక బూటు ఊడిపోయింది. మా రాజలింగం సార్ జూలూరుపాడు నుంచి వచ్చాడు ఆ రోజు. బడిలో నాకు బంతి పట్టడం నేర్పిన పీఈటీ సార్. దొరికినవాడినల్లా ఆపి, "మా పోరడు... మా బడి పోరడు" అని చెప్పుకుంటూ తిరిగాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

నిరుడు నాకు ఒక్క బంతి కూడా తప్పలేదని ఇప్పుడు అనిపిస్తోంది. తప్పే ఉంటాయి. గుర్తు లేదు.

జూలై 16

కొత్తగూడెం జట్టు వచ్చింది, ప్రాక్టీసు మ్యాచికి. నన్ను అడ్డుకోవడానికి పెట్టిన కుర్రాడు మొదటి నుంచీ నాకు కుడిపక్కనే. లేచినప్పుడల్లా వాడి చెయ్యి ముందే అక్కడుంది. ఒక్కటి పడింది. అదీ బోర్డు దయ.

జూలై 17

రింగు ఈ ఏడు కొంచెం ఎత్తులో బిగించారని నా అనుమానం. యాకూబ్ స్టోర్స్ నుంచి టేపు తెచ్చి కొలిచాడు. సరిగ్గానే ఉంది.

టేపు పాతది.

ఆగస్టు 15

సత్తుపల్లి టోర్నమెంటు. జెండా, జిలేబీ, తర్వాత ఆట. మళ్ళీ కొత్తగూడెం వాళ్ళే. మళ్ళీ ఆ కుర్రాడే. మధ్యలో నీళ్ళకు ఆగినప్పుడు తమ కెప్టెన్‌తో అంటున్నాడు, నా వెనకే — "గీనె కుడికే పోతడన్నా. ఈడ నిలవడితే సాలు."

తిట్టినట్టు కూడా అనలేదు. బస్సు ఏ ఊరికి పోతుందో చెప్పినట్టు అన్నాడు.

ఓడిపోయాం.

ఆగస్టు 16

నిద్ర లేదు. వాడు చెప్పింది నిజం. ఇన్నేళ్ళూ నాకే తెలియలేదు.

బడి గ్రౌండు కళ్ళ ముందుంది. ఒకటే రింగు, టేకు స్తంభానికి కొట్టింది. రెండు జట్లూ దాంట్లోనే వేయాలి. రింగు వైపు నిలబడితే ఎడమ పక్క పెద్ద గుంత — బడి గోడలకు మట్టి తవ్వింది. ఏడో తరగతిలో మా రాములు బంతి వెంట అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రాజలింగం సార్ వాణ్ణి భుజాన వేసుకుని రోడ్డు దాకా ఉరికాడు. దవాఖానా నుంచి తిరిగొచ్చి ఆ సాయంత్రమే రూలు పెట్టాడు. "ఎడమకు పోయినోని బంతి అవతలోళ్ళకు. అంతే. మాట్లాడొద్దు."

అప్పటి నుంచి బడి మొత్తం కుడికే. ఎడమ అనేదొకటి ఉందన్న సంగతే మరిచిపోయాం. ఎంత బాగా ఆడేవాళ్ళమో ఆ సగం గ్రౌండులో! ఇరుకులో ఒకణ్ణొకడు ఒరుసుకుంటూ, ఎర్రమట్టి మోకాళ్ళ దాకా, ఇప్పపూల వాసన గాలి... అంత సుఖంగా మళ్ళీ ఎక్కడా ఆడలేదు. కొత్తగూడెం ఫైనల్లో కూడా.

ఆగస్టు 18

కోచ్ సార్‌కు గుంత సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపి — "సగం గ్రౌండు వదిలేసి ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చావయ్యా?"

మెచ్చుకోలో తిట్టో అర్థం కాలేదు.

సెప్టెంబర్ 3

కొత్త వైద్యం. కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేశారు. ఎడమ చేత్తో బంతి కొట్టుకుంటూ, ఎడమ పక్క నుంచే పోవాలి. బంతి నా కాలికే తగిలి ఎగిరిపోతోంది. జట్టంతా కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

యాకూబ్ సలహా: "అరే భాయ్, అన్నం గూడ గట్లనే కట్టుకొని తిను. జల్దీ అలవాటైతది."

ఎడమ చేత్తో అన్నం ముట్టుకుంటే మా యాడి — మా అమ్మ — గరిటె నా వీపు మీద విరుగుతుంది. అది చెబితే ఇంకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

సెప్టెంబర్ 11

బెంచీ.

సెప్టెంబర్ 18

బెంచీ. నీళ్ళ బిందె పక్కన. మావాళ్ళకు గ్లాసులు అందిస్తున్నాను.

సెప్టెంబర్ 25

ఆట చివర్లో లేపాడు కోచ్ సార్. ఎడమకే పోవాలని గట్టిగా అనుకుని దిగాను. దారి ఖాళీగా ఉంది. కాలు కదల్లేదు. అక్కడ గుంత లేదు, సిమెంటు ఉంది... నాకు తెలుసు. కాలికి తెలియదు.

కుడికి పోయాను. బంతి పోయింది.

అక్టోబర్ 21

ఇంట్లో. దసరా నిన్న అయిపోయింది.

యాడి మా భాషలో మెల్లిగా అడిగింది, ఎవరూ వినకుండా — ఇంకా బంతాటకే పంపుతున్నారా, పనేమీ చెప్పడం లేదా అని. ఆటకు ఉద్యోగం ఇచ్చారంటే తను నమ్మనే లేదు. ఎవడో పొరపాటు చేశాడని, ఏదో ఒకరోజు పట్టుకుంటారని ఆమె భయం. నిరుడు ఈ మాటకు తండా అంతా నవ్వాం. ఈసారి నవ్వలేకపోయాను. పట్టుకునేటట్టే ఉన్నారు, యాడీ.

సాయంత్రం బడి గ్రౌండుకు పోయాను. పాత జట్టు వాళ్ళు నలుగురైదుగురు దొరికారు. ప్యాంట్లు పైకి మడుచుకుని దిగాం. అబ్బ... ఏం ఆట! చెయ్యి తిరిగొచ్చింది. ముట్టుకున్నది ముట్టుకున్నట్టే రింగులో. వీపు తిప్పి వేసినా పడింది, కబుర్లు చెబుతూ వేసినా పడింది. గుంత గట్టు మీద రాజలింగం సార్, మెడలో విజిల్, ఒకటే చప్పట్లు. ఇంత సంతోషపడి ఎన్నాళ్ళైందో. ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అనిపించింది. నిజంగానే అనిపించింది.

చీకటి పడ్డాక సార్ సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే నడిచాడు.

"ఎట్లున్నదిరా భద్రూ, మిల్లుల ఆట?"

"మంచిగున్నది సార్."

"నిరుటి లెక్కనేనా?"

"అవ్ సార్."

నవంబర్ 13

ఖమ్మం. రాజలింగం సార్ వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. రెండు బస్సులు మారి, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

బెంచీ మీద నన్ను చూసి చెయ్యి ఊపాడు. కాసేపు విశ్రాంతిగా కూర్చున్నాననుకున్నాడు పాపం. ఆట సగం అయ్యాక ఊపడం మానేశాడు. చివర్లో నన్ను ఆటలోకి దింపారు. కుడికి పోయాను, కొట్టేశారు. మళ్ళీ కుడికే. వెనక గ్యాలరీలో కాలేజీ పిల్లలు పాటలాగా అందుకున్నారు — "కుడికే పోతడు! కుడికే పోతడు!" ఖమ్మం దాకా పాకిందన్నమాట.

అయిపోయాక సార్ మిర్చిబజ్జీల బండి దగ్గరికి తీసుకుపోయాడు. పొట్లం నా చేతిలో పెట్టాడు. తను తినలేదు.

"ఎడమకెందుకు పోతలేవురా?"

నేను పొట్లం విప్పి బజ్జీ కొరికాను.

తనకే తట్టింది. చూస్తుండగానే ముఖం మారిపోయింది. "నేనే కదరా..." అన్నాడు. "గా రూలు పెట్టింది నేనే కదా."

బజ్జీ నములుతూ ఉండిపోయాను. బస్సు వచ్చింది. ఎక్కాడు. కిటికీలోంచి ఇటు చూడలేదు.

నవంబర్ 14

లేదు సార్ అనాల్సింది. ఒక్క మాట. నోట్లో బజ్జీ ఉందన్నది సాకు.

కోపం ఉంది నాకు. నా మీద, గుంత మీద, కొత్తగూడెం కుర్రాడి మీద. సార్ మీద... సార్ మీద కూడా. రాశాను, ఇక కొట్టెయ్యను. ఒక పిల్లవాడి ఎముక బయటికి రాగా చూసిన మనిషి ఇంకేం రూలు పెడతాడు? తెలుసు. అయినా ఉంది.

నవంబర్ 27

బెంచీ.

డిసెంబర్ 9

మిల్లుకు వెదురు తెచ్చే లారీల వరసలో రాములు కనిపించాడు. కాలు విరిగిన రాములే, ఇప్పుడు లారీ నడుపుతున్నాడు, ఆ కాలితోనే బ్రేకు తొక్కుతాడు. కిందికి దిగకుండానే అరిచాడు.

"ఏందిరో భద్రూ! నీ జేయవట్టి బడి పోరగాండ్ల నడుములు ఇరుగుతున్నయ్!"

"నేనేం జేసిన?"

ఖమ్మం నుంచి వచ్చిన తెల్లారే సార్ గుంత పూడ్చడం మొదలుపెట్టాడట. డ్రిల్లు పీరియడ్‌లో డ్రిల్లు లేదు, తట్టలతో మొరం మోయడమే. ముందు తను, వెనక పిల్లలు. ఊళ్ళో ఇద్దరు రైతులు ట్రాక్టర్లు పంపారట. ఇప్పుడక్కడ గుంత ఉండేదంటే ఎవరూ నమ్మరట.

"ఇంకోటి ఇను. రూలు మార్చిండు. గిప్పుడు కుడికి పోయినోని బంతి అవతలోళ్ళకు! పోరలు నిన్ను ఒక్క తీరుగ తిడ్తలేరు."

ఇద్దరం నవ్వాం. స్టీరింగు మీద తల పెట్టి మరీ నవ్వాడు వాడు. బడి బడంతా ఇక ఎడమకే పోతుంది. పదేళ్ళాగి ఇంకో కొత్తగూడెం వాడెవడో కనిపెడతాడు.

లారీ కదిలాక గదికి వచ్చి పడుకున్నాను. దసరాకు ఆడిందే ఆఖరు అక్కడ. ఆ గ్రౌండు ఇక లేదు. నేను బాగా ఆడే చోటు ఒక్కటే ఉండేది, దాన్ని నా కోసమే పూడ్చేశారు. ఏడ్చాను. యాకూబ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఇవాళ గురక లేదు.

డిసెంబర్ 10

పొద్దున అందరికంటే ముందు గ్రౌండుకు. ఎడమ చెయ్యి. తువ్వాలు నేనే కట్టుకున్నాను, పళ్ళతో ముడి బిగించి.

1989 జనవరి 8

సీజన్‌లో ఆఖరి మ్యాచి. ఇక్కడే, మా గ్రౌండులో. కొత్తగూడెం జట్టు.

ఆట దాదాపు అయిపోవచ్చిందనగా కోచ్ సార్ నా వీపు మీద తట్టాడు. ఆ కుర్రాడు నన్ను చూసి స్నేహంగా నవ్వి, కుడిపక్కన వచ్చి నిలబడ్డాడు, తన ఇంటి అరుగు మీద నిలబడ్డట్టు. బంతి అందింది. కుడికి ఒక అడుగు వేసినట్టే వేసి... ఎడమకు పోయాను.

పోయాను! కాలు కదిలింది. ఎవరూ లేరు. ఒక్కడు అడ్డం రాలేదు. రింగు కిందికి వచ్చేశాను, ఎడమ చేతిలో బంతి.

ఆగిపోయాను.

అటునుంచి రింగును ఎప్పుడూ చూడలేదు నేను, ఆట మీద ఉండగా. వేరే రింగులా ఉంది. బోర్డు మీద పెచ్చులూడిన రంగు, వల తెగిన చోటు, అన్నీ తప్పు వైపున. ఎంత ఎత్తు లేవాలో చేతికి తెలియదు. చూస్తూ నిలబడ్డాను. విజిల్. రింగు కింద మూడు సెకన్లు దాటిపోయాయి. బంతి వాళ్ళకు. జనం గొల్లున నవ్వారు.

ఆ కొత్తగూడెం కుర్రాడు నవ్వలేదు. "ఎయ్యకపోతివేందన్నా?" అన్నాడు. నిజంగా బాధపడ్డాడు.

జనవరి 9

నోటీసు బోర్డు మీద వచ్చే సీజన్ జట్టు జాబితా. పదకొండు పేర్లు. పన్నెండు అని వేసి పక్కన ఖాళీ. నా పేరు లేదు.

టైమాఫీసులో చెప్పారు — రేపు ఎనిమిదింటికి చిప్పర్ హౌసులో కనబడాలి, ఈలోగా కోచ్ సార్ ఏమైనా చెబితే తప్ప. కోచ్ సార్ పక్క కోర్టులో వాలీబాల్ నెట్లు మడత పెడుతున్నాడు. నేను వెళ్ళి ఊరికే నిలబడ్డాను.

"అక్కడి దాకా వెళ్ళి ఆగిపోయావేమయ్యా?"

"అటు ఎప్పుడూ పోలేదు సార్."

నెట్టు మూల చేతిలోనే ఉంది, మడత ఆగింది. తర్వాత — "ఆ పన్నెండో పేరు రేపు పొద్దున రాస్తాను." అంతే. ఎవరిదో చెప్పలేదు.

జనవరి 10

గ్రౌండు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, అవతల అడవి కనబడటం లేదు. వెదురు లారీలు గేటు దగ్గర హారన్లు కొడుతున్నాయి. చిప్పర్ హౌసు కోసం యాకూబ్ తన పాత ఖాకీ చొక్కా ఇచ్చాడు. తొడుక్కున్నాను. కాళ్ళకు మాత్రం ఆట బూట్లే.

ఎడమ పక్క నుంచి వేస్తున్నాను. ఎవరూ లేరు అడ్డం. మొదట్లో రింగుకే తగల్లేదు. ఇప్పుడు తగులుతోంది. ఒకటి అంచు మీద గుండ్రంగా తిరిగి తిరిగి బయటికి దొర్లింది. జాబితా బోర్డు ఇక్కణ్ణుంచి కనబడుతుంది, దాని ముందు ఇంకా ఎవరూ నిలబడలేదు. మొదటి సైరన్ అయిపోయింది. రెండోది మోగితే ఎనిమిది.

ఇంకొక్కటి వేసి వెళ్తాను.