ఆ క్యాసెట్‌లో బేస్ వాయించింది ఎవరు?

తెనాలి,
14-8-2006

అక్తర్ బేగం గారికి నమస్కారాలు.

అమ్మా, బేస్ గిటార్ పట్టుకుని రేపల్లెలో మీ ఇంటికి మూడుసార్లు వచ్చినవాణ్ణి. మీవారు వలి మాస్టారు ఇరవై ఏళ్ల కిందట క్యాసెట్‌లో వాయించిన బేస్‌కి సరైన నొటేషన్ కోసం వచ్చాను. "గుర్తులేదు నాయనా" అని ఆయన ప్రతిసారీ పంపించేశారు. వేరేవాళ్లు రాసిచ్చినవన్నీ తప్పులే.

నిన్న బాపట్లలో మా స్నేహితుడి కంప్యూటర్‌లో, పాటను నెమ్మదిగా వినిపించే సాఫ్ట్‌వేర్ దొరికింది. సగం వేగంలో వింటూ స్వరాలు రాసుకుంటున్నాను. తీగ మోగిన ప్రతిసారీ వెనక సన్నగా గాజుల చప్పుడు! ఆ క్యాసెట్‌కి వాయించిన బృందంలో ఆడవాళ్లు లేరని మాస్టారే చెప్పారు కదా. పదిసార్లు విన్నాను. అవి గాజులే.

వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను. "అప్పుడు నా చెయ్యి విరిగి కట్టులో ఉందయ్యా. అక్తరే వాయించింది. ఎవరికీ చెప్పనని తనచేత ఒట్టేయించుకుంది నేనే" అన్నారు.

మిమ్మల్ని ఫోన్‌ దగ్గరికి పిలవమనే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. మూడుసార్లూ నేను మీ ముందే తప్పుగా వాయించాను. మీరు గుమ్మంలో నిలబడి విన్నారు. ఎలా ఊరుకోగలిగారమ్మా?

నొటేషన్ మీద మాస్టారి పేరు కొట్టేశాను. మీ పేరు రాయమంటారా? రెండో చరణంలో ఒక స్వరం కంప్యూటర్‌కీ అందలేదు. ఆదివారం వస్తాను. ఒక్కసారి వాయించి చూపిస్తారా?

ఇకమీదట మీ శిష్యుడు