నూట నలభై ఆరో చప్పుడు

ప్రాణసమానులైన బావగారికి,

దొరికింది బావగారూ! మీ చెల్లెలి గొంతు దొరికింది! ఆత్రంలో రాస్తున్నాను, అక్షరాలు వంకరటింకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

మీ దగ్గర దాచిన సంగతి ఒకటి ముందు చెప్పుకోవాలి. గొంతు ఆపరేషన్‌కి ముందు, మాట పూర్తిగా పోకముందు, మీ మేనకోడలు తను తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట కోసం వాళ్లమ్మ మాటలు రికార్డు చేసింది. ఆటలో సత్రం నడిపే ఆవిడకి ఆ గొంతు పెడదామని. అది తప్ప ఆవిడ గొంతు మా దగ్గర మరెక్కడా లేదు. "ఒక్కసారి వినిపించవయ్యా బావా" అని మీరు ఫోనులో అడిగినప్పుడల్లా ఏదో సాకు చెప్పాను. పోగొట్టాం బావగారూ. పోగొట్టించింది నేనే.

ఆటకి బొమ్మలు, చప్పుళ్లు వేలకొద్దీ కావాలిట. వాటన్నిటినీ ఒకే ఫైలులో సర్దడానికి అమ్మడు సొంతంగా ఒక పద్ధతి కట్టుకుంది. ముందు జాబితా, ఏది ఎక్కడ మొదలై ఎంత పొడవుందో. దాని వెనక సరుకు. వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. ముప్పై ఏళ్లు మందుల గోదాములో నేను చేసిందీ అదే కదా! ఆ హుషారులో పెద్దరికం వెలగబెట్టాను. "పెట్టెకి సీలు వేశాక బల్ల మీద విడి సరుకు ఉంచకూడదమ్మా, కలగాపులగం అయిపోతుంది" అన్నాను. పిచ్చితల్లి, నా మాట మీద గౌరవంతో విడి రికార్డులన్నీ చెరిపేసింది.

ఆ తర్వాత జాబితా రాసే తీరు మార్చింది. పాత పెట్టె ఏదో కొత్తది ఏదో తెలిసేలా పైన గుర్తు వేయడం మరిచింది. పాత జాబితాను చదివే ప్రోగ్రామును పక్కన దాచనూ లేదు. కొత్త ప్రోగ్రాము పాత పెట్టెను తెరిస్తే అంతా అయోమయం.

"ఫైలు ఇక్కడే ఉంది నాన్నా. అమ్మ ఇందులోనే ఉంది. ఎక్కడ మొదలవుతుందో తెలీదంతే" అని ఏడ్చింది. నేనేం చేయగలను? టీ పెట్టి ఇచ్చాను. అది చల్లారితే మళ్లీ పెట్టి ఇచ్చాను. మూడు వారాలు నా సాయం అదే. మీ చెల్లెలు పలక మీద "ఏమైంది?" అని రాస్తే "ఏం లేదు" అనేవాణ్ణి.

నిన్న పొద్దున అమ్మడికి తట్టింది. ప్రతి రికార్డు మొదట్లోనూ ఒకే నాలుగు అక్షరాలుంటాయట. జాబితా జోలికి పోకుండా ఆ నాలుగు కనపడ్డ చోటల్లా కోసింది. మూడు వందల పన్నెండు ముక్కలు! దేనికీ పేరు లేదు.

"ఒక్కొక్కటీ వినాలి నాన్నా."

"వింటా! వినడానికేం చదువు కావాలే!"

అడుగుల చప్పుడు, గొళ్లెం, వాన, మళ్లీ అడుగులు. నూట నలభై ఆరోది నొక్కాను.

"ఏయ్, తలుపు మెల్లగా వెయ్యి! మీ తాత కట్టించాడా?"

నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. రేపు ఆవిడకి వినిపిస్తాం.

ఆనందం పట్టలేక,
మీ బావ

*

బావగారూ,

వినిపించాం. ఒక్కసారి విన్నది. రెండోసారి పెట్టబోతే చెయ్యి అడ్డుపెట్టి పలక మీద రాసింది: "అన్నయ్యకి పంపండి. ఆటలో వద్దు."

"అదేంటమ్మా! ఎంత కష్టపడి తీశానో తెలుసా?" అంది అమ్మడు.

"సత్రం ఆవిడ నాలా ఉండాలన్నావుగా. నేనిప్పుడు ఇలా ఉన్నాను" అని రాసి, బల్ల మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది. ఇంట్లో అది నన్ను పిలిచే పిలుపు. మూడుసార్లు కొడితే తిట్టు.

"లోకమంతా నీ గొంతు వినొద్దుటే?" అని బతిమాలాను. మూడుసార్లు కొట్టింది.

ఇప్పుడు తల్లీకూతుళ్లు గది తలుపేసుకుని ఆ కొట్టుడే రికార్డు చేస్తున్నారు. బల్ల మీద కొన్ని, తలుపు మీద కొన్ని, గరిటెతో కొన్ని. నా ఊపిరి చప్పుడు అందులో పడుతోందిట, బయటికి గెంటేశారు. మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల మూడు దెబ్బలు వినపడ్డాయి, వెనకే అమ్మడు పగలబడి నవ్వింది. మళ్లీ మూడు. ఎవరిని తిడుతోందో అడగక్కర్లేదు.

గొంతు మీ ఫోనుకి వస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు వినండి.

ఏమీ చేతకాని,
మీ బావ