పీరు కాళ్ళకు నీళ్ళు

జహీరాబాద్

చిరంజీవి రితేష్‌కు అమ్మ దీవించి రాసేది. అందరం క్షేమమని మొదలుపెట్టడం రివాజు. మన ఊరి గురించి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు బిడ్డా. నువ్వైనా వేళకు తింటున్నావా?

నువ్వు అడిగావు గనుక చెబుతున్నాను. నాయనకు బీపీ తగ్గలేదు. ఇంటికి తాళం వేసి ఇక్కడ నవత అక్క దగ్గర ఉంటున్నాం. ఊళ్ళో ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాం.

"వాళ్ళు పెరిగిపోతున్నరు, ఇప్పుడు కొట్టకుంటే రేపు మనకు ఊరే ఉండది" అని పీర్ల పండుగ నాడు టిప్పర్ ఎక్కేముందు ఫోన్ గ్రూపులో మాట్లాడి పెట్టావు. పోలీసులు వినిపించారు. ఆ గ్రూపులో ఎవరో నేర్పిన మాటలు, గొంతు నా కొడుకుది. ఎవర్రా వాళ్ళు? పీరును ఎత్తుకున్నది చెన్నబసప్ప కాక. పీర్లకు పెట్టిన మలీద ముద్దలు ఏటా నీకోసం దాచింది మస్తాన్‌బీ. ఇద్దరూ పోయారు, ఇంకో ఏడుగురు పోయారు. మనోళ్ళు కూడా పోయారని కాదు నా ఏడుపు. మస్తాన్‌బీ నాకు ఎప్పుడు పరాయిది అయింది?

మోకాలి నొప్పి వల్ల జైలుకు ములాఖత్‌కు రావడం లేదని నాయనతో నీకు అబద్ధం చెప్పించాను. ఇంక దాచలేను. ఆ పొద్దున "ఈసారి పీర్ల దగ్గరికి పోకే అమ్మా, ఇంట్లనే ఉండు" అన్నావు. "సరే తియ్యి" అన్నాను. పోకుండా ఎట్లా ఉంటాను? పసితనంలో జ్వరమొచ్చి నువ్వు కళ్ళు తేలేస్తే, నా కొడుకు బతికితే ఏటా పీరు కాళ్ళకు నీళ్ళు పోస్తానని మొక్కుకున్నాను. సాయంత్రం నువ్వు అటు వెళ్ళగానే బిందె ఎత్తుకున్నాను. నీళ్ళు పోస్తుండగా నీ బండి వచ్చింది. పక్కనున్న మస్తాన్‌బీ "హటో దేవమ్మా!" అని నన్ను తోసేసి తాను బండి కింద పడింది. నా కుడికాలు దవాఖానలో మోకాలి కింద తీసేశారు.

దుమ్ములో నీ ముఖం ఎవరూ చూడలేదని, ఆ సాయంత్రం నాతో ఇంట్లోనే ఉన్నావని చెప్పమని రాశావు. నేనే ఇంట్లో లేను బిడ్డా. బండి అద్దం వెనక నిన్ను చూశాను. జడ్జి ముందు అదే చెబుతాను. ఉత్తరాలు జైల్లో చదివే ఇస్తారట. చదవనీ.

కర్రలతో నడవడం నేర్చుకుంటున్నాను. కాస్త అలవాటు కాగానే నిన్ను చూడటానికి వస్తాను. నువ్వు బతకాలని తప్ప ఆ రోజు పీరును ఇంకేమీ అడగలేదు.

ఇట్లు,
నీకోసం మొక్కుకున్న అమ్మ,
దేవమ్మ