పూల అక్షరాల మేక

ప్రెస్సు బాబాయిగారికి,
నాటక కంపెనీ మేనేజరు నమస్కరించి, కాస్త కోపంగా రాస్తున్నది.

పోస్టర్లు అందాయి. ఎరుపు బాగా పట్టింది. కానీ ఇదేం పని బాబాయ్? మా హీరోగారు, అంటే మా అక్క మొగుడు, ఆయన పేరేమో చీమల బారులా వేశారు. దాని కింద తీగలు, పూలు చెక్కిన జానెడేసి కర్ర అక్షరాలతో "మేక" అని వేశారు! బావ సందు మొదట్లో గోడ ముందు నిలబడి చూశాడు. ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు. శనివారం ఆటకి రానంటున్నాడు. ఆయన లేకపోతే ఆట లేదు. ఈ ఆట పోతే కంపెనీ మూసుకోవడమే. వెంటనే సరిచేసి పంపండి.

ఇట్లు,
దిక్కుతోచని మేనేజరు

తా.క. నాటకంలో మేక ఒక్క సీన్లోనే కనిపిస్తుంది. దానికి డైలాగు కూడా లేదు.

---

చిరంజీవి మేనేజరుకు,
ప్రెస్సు బాబాయి దీవించి రాసేది.

నాకు మేకతో చుట్టరికమేం లేదురా అబ్బాయ్. పోస్టరులో ప్రతి లైనూ ఈ అంచు నుంచి ఆ అంచుకి నిండాలి. తాతల నాటి పద్ధతి అది. అంతకుముందు పెద్దక్షరాలు సీసంతో పోసేవాళ్ళు. మోయలేక నడుములు పడిపోయేవి, పోత చల్లారేసరికి అక్షరం మొహం గుంటలు పడేది. అందుకని గట్టి కర్రలోకి మారారు. కర్ర తేలిక, చవక. పైగా ఒక్క నమూనా ఉంటే మర మీద లావువీ, సన్నవీ ఎన్ని సైజులైనా కోసుకోవచ్చు. ఇక చూస్కో, ఒకడు తీగ చెక్కితే పక్కవాడు పువ్వు చెక్కాడు, ఇంకొకడు నీడ పెట్టాడు. వీధి అవతల నుంచి కూడా జనం చూడాలని పోటీ!

మేక రెండక్షరాలే గనక పూలవి దర్జాగా పట్టాయి. మీ బావ పేరు ముందేమో "నాటక సామ్రాట్, అభినయ శిఖర, గంభీర కంఠీరవ" అని రైలుబండంత బిరుదులాయె. అవి తీసేయమను, మనిషి పెరుగుతాడు.

నీ మేలు కోరే,
బాబాయి

తా.క. మేకకి ఏవైనా బిరుదులుంటే రాయి. అదీ తగ్గుతుంది.

---

పూజ్యులైన బాబాయిగారికి,

మీ సలహా బావకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ. "నా బిరుదులు ఊడబెరకమన్నాడా? అంటే ఆ మేకవాడు ప్రెస్సాయన చెయ్యి తడిపాడన్నమాట!" అని ఇల్లు పీకి పందిరేశాడు. అక్క నన్ను కొరకొరా చూస్తోంది. చివరికి బావే దారి చూపించాడు. బిరుదులు మేకకే పెట్టాలిట! "సకల కళా ప్రవీణ, దేశవిదేశ విఖ్యాత మేక" అని వేయండి.

ఇట్లు,
మధ్యలో నలిగిపోతున్న మేనేజరు

తా.క. బిరుదులు బావే రాశాడు. మేకని అడగలేదు.

---

చి. మేనేజరుకు ఆశీస్సులు.

చెప్పినట్టే వేశాను. మేక చిక్కిపోయి మీ బావతో సమానమైంది. కాకపోతే ఇప్పుడు పోస్టరు మొత్తంలో పొట్టి మాట నువ్వు కట్టే వేషం పేరు ఒక్కటే మిగిలింది. అందుకని నీ పేరు కింద "దొంగ" అని ఇంతేసి పూలతో వచ్చింది. చూడముచ్చటగా ఉందిలే. నిన్ననే గోడలెక్కించేశారు గనక తిట్టినా లాభం లేదు.

ఇట్లు,
బాబాయి

తా.క. మా ఆవిడ ఆ పోస్టరు చూసి, "ఈ అబ్బాయి మనింటికి వస్తుంటాడే!" అంటూ బీరువాకి తాళం వేసింది.

---

బాబాయిగారికి నమస్కారాలు.

శనివారం సంగతి వినండి. "మొత్తానికి నువ్వే పెద్దవాడివయ్యావు కదరా" అని బావ మేకప్ గదికే రాలేదు. హాలు మాత్రం కిటకిటలాడింది. అందరూ విఖ్యాత మేక కోసమే వచ్చారు! గత్యంతరం లేక ముందు మేకనే స్టేజీ మీదికి వదిలాను. అంత జనాన్ని చూసి అది బిగుసుకుపోయింది. సకల కళల్లో ఒక్కటీ బయటపెట్టలేదు. ఈలలు, కేకలు. కంపెనీ పని అయిపోయిందనుకుని, ఏం చెయ్యాలో తెలీక "బావా!" అని అరిచాను.

ఆయన వెనక వరసలోనే ఉన్నాడు! నా గొడవ ఎలా ముగుస్తుందో చూద్దామని టిక్కెట్టు కొనుక్కుని మరీ కూర్చున్నాడు. లేచి వచ్చి, వణుకుతున్న మేకని చంకనెత్తుకుని, మొదటి డైలాగు అందుకున్నాడు. చివరిదాకా దాన్ని దించలేదు. తెర పడ్డాక హాలంతా లేచి "బావా! బావా!" అని ఒకటే హోరు. ఆయన పేరు గానీ, బిరుదులు గానీ ఒక్కరూ ఎత్తలేదు. నాకు కన్నీళ్ళాగలేదు బాబాయ్.

వచ్చే వారం మళ్ళీ ఆట. బిరుదులన్నీ కొట్టేసి, పూల అక్షరాలతో "బావ" అని మాత్రం వేయమన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

ఇట్లు,
ఊపిరి పీల్చుకున్న మేనేజరు

తా.క. ఈ ఉత్తరం మడుస్తుంటే బావ మళ్ళీ పిలిచాడు. మేక బిరుదులు కూడా తీసేసి, తన పక్కనే, అదే లైన్లో, అదే సైజులో వేయాలిట. "అంత భయపడి కూడా పారిపోలేదురా అది. నేను పారిపోయాను," అన్నాడు. ఇద్దర్నీ ఒక్క లైన్లో ఇరికిస్తే నీ అక్షరాలు చిన్నవైపోతాయి బావా అని చెప్పాను. "కానీరా," అన్నాడు.